తాళం వేసిన ఇళ్ళను పిలిచే మనిషి

తాళం వేసి ఉన్న ఇంటి ముందు నిలబడి, లోపల ఎవరూ లేరని తెలిసీ, ఇంటివాళ్ళను పేరు పెట్టి పిలిచే మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆయన మా తాత. మా లింగాయతుల ఇళ్ళలో తాతను అజ్జ అంటాం. నారాయణఖేడ్‌లో ఇన్ని తరాలుగా ఉంటున్నా మా ఇంటి కన్నడం ఇంకా పూర్తిగా పోలేదు. ఊళ్ళో వాళ్ళకు ఆయన పటేల్. పటేల్‌గిరీ ఎప్పుడో పోయింది, పిలుపు మిగిలింది.

మా ఆస్తి ఎలా పోయిందో చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు. ఉన్నదేమిటో చెబుతాను. సగం కూలిన మేడ ఉంది. కూలని సగంలో దివాన్‌ఖానా ఉంది. ఒకప్పుడు మా పెద్దలు కూర్చుని ఊరి తగవులు తీర్చిన గది అది. దాని గోడకు బొటనవేలంత లావు ఇనుప మేకులు వరసగా ఉన్నాయి. వాటికి తుపాకులు వేలాడేవట. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి వాటికి తాళంచెవులే వేలాడుతున్నాయి.

దీపావళి దాటగానే మా వైపు ఊళ్ళు సగం ఖాళీ అవుతాయి. మనూర్, కంగ్టి, సిర్గాపూర్‌ల నుంచి జనం ముఖద్దం అనే కూలీల మేస్త్రీ వెంట చెరుకు కొట్టడానికి లారీలెక్కి పోతారు. ఉగాది దగ్గర పడితే గాని తిరిగి రారు. ఖేడ్‌లోనూ చర్చి వెనక గల్లీలో సగం ఇళ్ళకు ఆ నాలుగైదు నెలలు తాళాలే. లారీ ఎక్కేముందు వాళ్ళు మా ఇంటికి వచ్చి తాళంచెవి అజ్జ చేతికిచ్చి పోయేవాళ్ళు. దానికి చీటీ ఉండదు, అంకె ఉండదు. ఒకదానికి చీర అంచు పీలిక కట్టి ఉండేది, మరొకదానికి మేకపిల్ల మెడలోని గంట. కళ్ళు మూసుకుని తడిమినా ఏది ఎవరిదో అజ్జ చెప్పేవాడు.

ప్రతి మంగళవారం పొద్దున తలకు రుమాలు చుట్టుకుని, నుదుట విభూతి పెట్టుకుని, చంకలో చీపురుతో ఆయన బయలుదేరేవాడు. పటేల్ చీపురు పట్టుకుని బజారులో నడవడం నాకు కంటగింపుగా ఉండేది. కనీసం గుడ్డలో చుట్టుకుని పొమ్మని ఒకసారి చెప్పాను.

"ఎందుకు? ఎవలదన్న దొంగతనం చేసిన్నా?" అన్నాడు.

ప్రతి ఇంటి ముందూ చెప్పులు విడిచేవాడు. తలుపు రెండుసార్లు తట్టేవాడు. "ఓ మాణయ్యా! నేను. లోపటికి రావాల్నా?" అనేవాడు. తల కొంచెం పక్కకు వాల్చి, నిజంగా జవాబు కోసం ఆగినట్టే ఆగేవాడు. ఆ తరవాతే తాళం తీసేవాడు. మాణయ్య ఆ సమయానికి ఏ బోధన్ వైపో చెరుకు తోటలో ఉంటాడని మా ఇద్దరికీ తెలుసు.

"లోపట ఎవరు లేరు గద అజ్జా. ఎవల్ని పిలుస్తవ్?" అని అడిగాను, తోడు వెళ్ళిన ఒక రోజు.

ఆయన తాళం తిప్పుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. "మా అయ్య ఎన్నడు పిలువలే తమ్మా. తలుపు తన్నుకోని పోయెటోడు. లోపట ఆడోళ్లు తానం చేస్తున్నా సరె."

తమ్మా అన్నది కన్నడంలో చిన్నవాళ్ళను పిలిచే ముద్దు మాట. ఆ ముద్దు మాట పక్కనే మా ముత్తాత గురించి అలాంటి సంగతి వినడం నాకు నచ్చలేదు. మళ్ళీ అడగలేదు.

లోపలికి వెళ్ళాక ఆయన వేరే మనిషి. కిటికీలు తీసేవాడు, దూలాలకు చెద పట్టిందేమో వేళ్ళతో కొట్టి చూసేవాడు, ఊడ్చేవాడు. ఊడుస్తూ ఇంటావిడ మీద సణిగేవాడు. "సట్టి తోమకుండ బోర్లిచ్చి పోయింది సూడు. ఉగాదికి రానీ, చెప్త దీని సంగతి." ఉగాదికి ఆవిడ వస్తే నిజంగానే చెప్పేవాడు, నలుగురిలో. ఆవిడ కూడా ఊరుకునేది కాదు. "నీకు తోమరాదా పటేలా, చేతులున్నయి గద!" అనేది. పటేల్‌ను అలా అంటే మా అమ్మ లోపలి నుంచి మొహం చిట్లించేది. అజ్జ మాత్రం రుమాలు తీసి తల గోక్కుంటూ నవ్వేవాడు.

పని అయ్యాక ఆ ఇంటి నడిమి గదిలో కాసేపు నేల మీద కూర్చునేవాడు. ఇంటికి మనిషి వాసన తగలాలని ఆయన నమ్మకం. మనిషి వాసన తగలని ఇల్లు మొండికేస్తుందట. కూర్చుని ఊరి సంగతులు చెప్పేవాడు, గోడలకు. కంగ్టి రోడ్డు మీద గుంత పూడ్చారని, ఈసారి కందికి పురుగు పట్టిందని, ఫలానా వాళ్ళ గేదె ఈనిందని.

క్రిస్మస్ చెరుకు కాలంలోనే వస్తుంది. గల్లీలో తాళం వేసిన కిరస్తానీ ఇళ్ళు చీకటిగా ఉంటాయని, అజ్జ బజారులో కాగితపు స్టార్లు కొని, నిచ్చెన వేసుకుని ఒక్కో ఇంటి చూరుకు ఒక్కోటి కట్టేవాడు. పొద్దుగూకే వేళకు వెళ్ళి బల్బులు వేసి వచ్చేవాడు. బట్టల దుకాణం సేఠ్ ఒకసారి ఆపి అడిగాడు.

"ఏం పటేల్, మెడల లింగం తీసేసినవా ఏంది?"

"లింగం ఏడికి పోతది? వాళ్లు ఊళ్లె లేరు, పండుగ ఊళ్లె ఉన్నది. గంతే," అన్నాడు అజ్జ. రెండు స్టార్లు సేఠ్ చేతిలో పెట్టి, "పట్టుకో, నిచ్చెన ఎక్కుతున్న" అన్నాడు. సేఠ్ పట్టుకున్నాడు.

ఆయన ఈ మాఘంలో పోయాడు. మేకులకు పదిహేడు తాళంచెవులు ఉండగా పోయాడు. ఆయన మంచం పట్టినప్పటి నుంచి ఉగాది దాకా ఆ ఇళ్ళు నేను చూశాను. చీపురుకు గుడ్డ చుట్టలేదు. పిలవడం మాత్రం నాకు చేతకాలేదు. తలుపు దగ్గర కాసేపు నిలబడేవాణ్ణి. తట్టి లోపలికి పోయేవాణ్ణి.

ఆ పదిహేడింటిలో ఒకటి ఎస్తేరమ్మది. అజ్జ గురించి చెప్పాలంటే ఆ తాళంచెవి గురించి చెప్పక తప్పదు. అది చెబితే నా గురించి కూడా చెప్పవలసి వస్తుంది.

ఎస్తేరమ్మ చర్చి వెనక గల్లీలో ఉంటుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్నది రెండు గదుల రేకుల ఇల్లు. పన్నెండేళ్ళ కిందట, నేను డిగ్రీ చదివి, ఒకరి కింద పని చేయడం ఇష్టం లేక ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆమె మరిది మా ఇంటికి వచ్చాడు. అజ్జ మనూర్‌లో ఎవరినో పరామర్శించడానికి పోయాడు. నేను దివాన్‌ఖానాలో ఒక్కణ్ణే ఉన్నాను.

ఆ మనిషి గేటు బయటే చెప్పులు విడిచాడు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. మెట్లెక్కలేదు. కింద నిలబడి, నడుము వంచి దండం పెట్టాడు.

"శరణు చిన్నపటేలా."

ఆ మాట నన్ను అంతకు ముందు ఎవరూ అనలేదు. బస్టాండులో నేను ఓ అన్నను, ఆఫీసుల్లో ఏయ్ బాబును. మా తాతముత్తాతలకు దక్కిన దండం ఎలా ఉంటుందో ఆ మధ్యాహ్నం మొదటిసారి చూశాను.

"మా వదినెకు జొరమొచ్చింది. బట్టలు తెమ్మన్నది. తాళంచెయ్యి ఇప్పియ్యుండ్రి. మీరు ఇస్తె పెద్దపటేలు ఇచ్చినట్టె."

ఎస్తేరమ్మ ఫోన్ నంబర్ గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. నా తల పక్కనే. ఫోన్ చేయాలని నాకు తట్టింది కూడా. అంత వంగి నిలబడ్డ మనిషి ఎదుట, నిజమో కాదో కనుక్కుంటాను ఆగమనడం చిన్నతనంగా అనిపించింది. పటేల్ అంటే మాట మీద ఇచ్చేవాడని అనిపించింది. ఎర్ర పీలిక కట్టిన తాళంచెవి తీసి, పై మెట్టు మీదే నిలబడి చేయి చాచాను. అతను చేయి ఎత్తి అందుకోవలసి వచ్చింది. అది కూడా నాకు బాగుందని ఒప్పుకోవాలి.

సాయంత్రానికి అతను పెళ్ళాంతో, సామానుతో ఆ ఇంట్లో దిగాడు. ఇల్లు మా అన్నది, అన్న పోయాక నాదే అని గల్లీలో చెప్పాడు.

అజ్జ మనూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చాడు. బజారులోనే విషయం తెలిసినట్టుంది. దివాన్‌ఖానాలోకి వచ్చి ఖాళీ మేకు వైపు చూశాడు.

"ఫోన్ చేసినవా తమ్మా?"

"లేదు."

"ఎందుకు?"

ఇంకేమీ తోచక నిజం చెప్పాను. "ఆయన చెప్పులు విడిచి నిలబడ్డడు అజ్జా."

ఆయన తిట్టలేదు. రుమాలు విప్పి ఒళ్ళో పెట్టుకుని పై మెట్టు మీద కూర్చున్నాడు. "మా అయ్యకు సుత గట్లనే. ఎవడన్న వంగితె చాలు, ఇంకేం సూడకపోతుండె," అన్నాడు.

తరవాత లేచి, గోడ మీద నంబర్ చూసి ఎస్తేరమ్మకు ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ మాట్లాడేటప్పుడు నిలబడేవాడు, అవతలి మనిషి ఎదురుగా ఉన్నట్టు.

"ఎస్తేరమ్మా, నేను. నీ ఇల్లు పోగొట్టిన. నేనే. నువ్వు రాకు, పని ఇడిశిపెడ్తె ముఖద్దం ఊకోడు. నువ్వొచ్చెటాలకు నీ ఇల్లు నీకుంటది."

నా పేరు ఎత్తలేదు. ఆ పక్క నుంచి ఆమె ఏదో అరిచింది. ఆయన చివరిదాకా విన్నాడు.

పోలీస్ స్టేషన్‌కు పోదామన్నాను. "పోతె రెండు రోజులు బయటుంటడు, మళ్ల జొస్తడు. వాని అంతల వాడు పోవాలె," అన్నాడు.

మర్నాడు మంగళవారం కాదు. అయినా చీపురు చంకలో పెట్టుకుని పోయాడు. నేను పోలేదు. ఏం జరిగిందో ఆ గల్లీవాళ్ళు ఈనాటికీ చెబుతారు. అజ్జ చెప్పులు విడిచి, ఎప్పటిలాగే తలుపు రెండుసార్లు తట్టాడు.

"ఓ ఎస్తేరమ్మా! నేను. లోపటికి రావాల్నా?"

తలుపు తెరిచింది మరిది. "ఎస్తేరమ్మ లేదు పటేలా. నేనున్న గద, రా."

అజ్జ అతన్ని చూడలేదు, వినలేదు. తల పక్కకు వాల్చి జవాబు కోసం ఆగాడు. తరవాత ముందరి వాకిలి ఊడ్చి, అరుగు మీద కూర్చుని, గోడకు ఊరి సంగతులు చెప్పి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు మరిది పెళ్ళాం టీ తెచ్చింది.

"ఛాయ్ తాగు పటేలా, పొద్దుగాలకెళ్లి కూసున్నవ్."

"ఇంటామె లేదమ్మా. ఆమె వచ్చినంక తాగుత."

గల్లీ మొదట నవ్వింది. ముసలాయనకు మతి చలించిందన్నారు. అయిదో రోజు ఎదురింటి అవ్వ బిందెతో పోతూ ఆ తలుపు దగ్గర ఆగి, "ఎస్తేరమ్మా, ఉన్నవానే?" అని కేకేసి పోయింది. ఆరో రోజు పాలవాడు పిలిచాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి నుంచి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే ఆ గడప ముందు ఆగి పిలిచారు. బళ్ళోకి పోయే పిల్లలకు అది ఆట అయింది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ ఇంటి మీద ఎస్తేరమ్మ పేరే. ఇంట్లో ఉన్నవాళ్ళను ఒక్కరూ పలకరించరు.

పదో రోజు మరిది పెళ్ళాం మూట కట్టింది. ఎర్ర పీలిక తాళంచెవి తెచ్చి అజ్జ ముందు అరుగు మీద విసిరింది.

"తీస్కో. నువ్వు, నీ ఎస్తేరమ్మ! గీ ఇంట్ల అన్నం పోతలేదు నాకు."

అజ్జ తాళంచెవి తీసుకుని లేచి నిలబడ్డాడట. "పైలంగ పోయి రా బిడ్డా. ఛాయ్ మంచి వాసనొచ్చె ఆ దినం. తాగకపోతి," అన్నాడట.

ఉగాదికి ముందు ఎస్తేరమ్మ వచ్చింది. ఆమె వస్తున్నదని తెలిసిన పొద్దున అజ్జ నన్ను పిలిచాడు.

"ఆమెకు నువ్వు చెప్పాలె."

"నువ్వు చెప్పినవ్ గద అజ్జా, ఫోన్ల."

"నేను నాది చెప్పిన. నీది నువ్వు చెప్పు."

ఆమె గేటు దగ్గరికి వచ్చిన చప్పుడు విని నేను వెనక గదిలోకి పోయాను. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ క్షమాపణ అడిగినట్టు నేను చూడలేదు. ఎలా మొదలుపెడతారో కూడా నాకు తెలియదు. కూలికి పోయే మనిషి ముందు నిలబడి తప్పు నాదనడం నా వల్ల కాలేదు. అజ్జ తాళంచెవి ఇచ్చి ఆమెను పంపాడు. లోపలికి వచ్చి నా మొహం చూసి, కన్నడంలో ఒకే మాట అడిగాడు.

"ఆయ్తా?"

అయిందా అని. లేదన్నట్టు తల ఊపాను. "ఇరలి," అన్నాడు. ఉండనీ అని.

ఆ తరవాత కూడా ప్రతి దీపావళికీ ఎస్తేరమ్మ తాళంచెవి తెచ్చింది, కాని అజ్జ చేతికే. ఆయన ఇంట్లో లేకపోతే కింది మెట్టు మీద కూర్చునేది. ఒకసారి నాలుగు గంటలు కూర్చుంది, లారీ హారన్ కొడుతున్నా. నాకివ్వు, మేకుకు తగిలిస్తానన్నాను.

"పటేల్ రానీ," అంది. తాళంచెవి ఉన్న పిడికిలి ఒళ్ళోకి లాక్కుంది.

అజ్జ వచ్చి మా ఇద్దరినీ చూసేవాడు. తాళంచెవి అందుకుని, ఆమె ఆరోగ్యం అడిగి, ఈసారి ఏ వైపు పోతున్నారో కనుక్కుని సాగనంపేవాడు. ఆమె గేటు దాటాక నా వైపు తిరిగేవాడు.

"ఆయ్తా?"

"ఇంకా లేదు."

"ఇరలి."

ఒక్క ఏడూ మానలేదు, ఒక్క ఏడూ గట్టిగా అడగలేదు. ఈ మధ్యలో నాకు ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, జుట్టు నెరవడం మొదలైంది. పోయిన దీపావళికి ఆయనకు లేవడానికి చేత కాలేదు. మంచం మీదే తాళంచెవి అందుకున్నాడు. ఆమె గేటు దాటాక ఆయనకు మాట కూడా రాలేదు. కనుబొమలు ఎత్తి నా వైపు చూశాడంతే. నేను కిటికీ వైపు చూశాను. దుప్పటి మీద ఆయన చేయి మెల్లగా కదిలింది. ఇరలి అన్నట్టే ఉంది.

మాఘంలో ఒక పొద్దున మా అమ్మ కాఫీ తీసుకుపోయి వెనక్కి వచ్చింది, గ్లాసు అలాగే పట్టుకుని.

మా ఆచారం ప్రకారం కూర్చోబెట్టి సమాధి చేశాం. పదకొండో రోజు భోజనాలు. వచ్చినవాళ్ళందరూ ఒకే బంతిలో కూర్చోవాలని ఆయన అమ్మకు ముందే చెప్పి ఉంచాడట. మా వాకిట్లో అలా కూర్చోవడం అదే మొదలు.

ఎస్తేరమ్మ వచ్చింది. కామారెడ్డి అవతల చెరుకు తోట నుంచి, ముఖద్దంతో కొట్లాడి, రెండు బస్సులు మారి వచ్చింది. చెరుకాకు కోసిన గీతలు మోచేతుల దాకా ఉన్నాయి. గేటు దగ్గర నిలబడి, సమాధి ఎక్కడని ఎవరినో అడుగుతోంది. నేను మెట్లు దిగి ఆమె దగ్గరికి పోయాను. మెట్లు దిగుతున్నంతసేపూ మాటలు కూర్చుకున్నాను, తీరా ఎదురుగా నిలబడ్డాక అవేవీ లేవు.

"ఎస్తేరమ్మా, ఆ ఏడు నీ తాళంచెవి మీ మరిదికి ఇచ్చింది నేను. అడగకుండ ఇచ్చిన. తప్పు నాది."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"గది ఊరందరికెర్కే. గిప్పుడు చెప్తున్నవా?" అంది. "పోయిన దీపావళికి చెప్తే ముసలాయన ఇని పోతుండె గద!"

  ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గట్టిగా ముక్కు చీదింది.

"ప్రతిసారి నేను గేటు దాటంగనె నిన్నేదో అడుగుతుండె. నాకు ఇనవడ్తుండె. గది గిదే అని నాకు ఎర్కే." మళ్ళీ తుడుచుకుంది. "ఇగ అన్నం పెడ్తవా, గిట్లనే నిలవెడ్తవా? నిన్న రాత్రికెళ్లి తినలే."

బంతి చివర ఆమెకు విస్తరి వేయించాను. అన్నం, హుగ్గి పాయసం ఎవరో వడ్డించారు. పప్పుచారు బకెట్ మా అమ్మ తెచ్చి నా చేతికిచ్చింది. మా ఇంట్లో మగవాళ్ళు వడ్డించరు. గరిటె ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. మొదటి విస్తరి నుంచి మొదలుపెట్టి ఆమె దాకా వచ్చేసరికి చొక్కా ముందంతా చారు. గరిటె నింపి నిలబడ్డ చోటు నుంచే పోశాను.

"అగొ! గిట్ల పోస్తరా ఎవలన్న?" అంటూ ఎస్తేరమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. "జెర వంగి పొయ్యి పటేలా, కాళ్ల మీద పడ్తున్నది."

వంగి పోశాను.